ఫొటో కాని ఫొటో

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా చాదస్తం తెలిసిందే: ఫొటో కానిదాన్ని ఫొటో అంటే ఊరుకోలేను. ఈ వారం ఒక పత్రిక టన్నెలింగ్ మైక్రోస్కోప్ బొమ్మ కింద ‘పరమాణువుల ఫొటో’ అని అచ్చేసింది. ఆ పరికరంలో వెలుగుకు పనే లేదు. సన్నటి లోహపు సూదికీ ఉపరితలానికీ మధ్య పారే అతి స్వల్ప కరెంటు మారకుండా సూదిని ఎత్తుతూ దించుతూ పోయి, ఆ ఎత్తులను తెలుపు నలుపుల్లో పరుస్తారు. పైగా ఆ బొమ్మ కంటిని మోసం చేస్తుంది. టైటానియం డయాక్సైడ్ స్ఫటికంలో 110 అని పిలిచే ముఖం మీద పైకి పొడుచుకొచ్చేవి ఆక్సిజన్ వరసలు. బొమ్మలో మామూలుగా మెరిసేవి పల్లంలోని టైటానియం వరసలు.

అలాగని ఇవి లెక్కలకు తొడిగిన నగలని కొట్టిపారేద్దామా? జింక్ ఆక్సైడ్ ఒప్పుకోదు. ఆ స్ఫటికంలో ఒక దిశలో ధనావేశపు జింక్ పొర, రుణావేశపు ఆక్సిజన్ పొర మార్చి మార్చి వస్తాయి. అడ్డంగా కోస్తే ఒక ముఖం నిండా జింక్, అవతలి ముఖం నిండా ఆక్సిజన్. పొరలు పెరిగేకొద్దీ లోపలి విద్యుత్ పొటెన్షియల్ పెరుగుతూనే పోతుంది కనుక అలాంటి ముఖం నిలవకూడదు. జింక్ ముఖంలో సుమారు నాలుగో వంతు జింక్ తగ్గితే నిలుస్తుందని లెక్క. ఎలా తగ్గుతుందో ఆ లెక్క చెప్పదు. 2003లో ఓల్గా దులుబ్, ఉల్రికె డీబోల్డ్, గియోర్గ్ క్రెస్సే ప్రచురించిన జింక్ ముఖపు టన్నెలింగ్ బొమ్మల్లో జింక్ ఖాళీలు తీరుగా పరుచుకున్న జల్లెడ కనబడలేదు. ఒక్క పొర మందపు త్రికోణపు దిబ్బలూ గుంటలూ కిక్కిరిసి కనిపించాయి. వాటి అంచుల్లో ఉండేది ఆక్సిజన్. అంచు పెరిగేకొద్దీ జింక్ వాటా తగ్గుతుంది, కావలసిన లోటు అలా సమకూరుతుంది. దీనికి ఒక్కో పరమాణువు మెరవనక్కర్లేదు. మెట్టు ఎత్తు, త్రికోణాల దిశ, అంచుల పొడవు చాలు.

ఈ బొమ్మలు తీసే శూన్యపు గదిలో ఎంత తోడినా కొంత హైడ్రోజన్ మిగులుతుందిగా, ఆవేశాన్ని అదే సర్దిందేమో అనొచ్చు. గట్టి ఆక్షేపణే. హైడ్రోజన్ ఎక్కువైతే హైడ్రాక్సిల్ కప్పుకున్న ముఖం, తక్కువైతే త్రికోణాలు నిలుస్తాయని ఆ ముగ్గురి లెక్కలే తేల్చాయి. దాంతో నా ఫిర్యాదు చోటు మారింది. ఫొటో అన్నా సర్దుకుంటాను. ఎంత వేడిలో, ఎంత హైడ్రోజన్‌లో తీశారో రాయకపోతే సర్దుకోలేను. మిథనాల్ తయారీలో రాగితో కలిపి వాడే జింక్ ఆక్సైడ్ పనిచేసేది హైడ్రోజన్ నిండిన రియాక్టర్‌లో. అక్కడా త్రికోణాలే ఉంటాయని ఆ ముగ్గురి బొమ్మలు చూపించి అనలేం.