తీరిక లేని కుంచె

ఆడవాళ్ళ కళను గురించి రాసేవాళ్ళు తప్పకుండా వాడే వాక్యం ఒకటుంది. "ఇంటి బాధ్యతలన్నీ చక్కగా నిర్వర్తిస్తూనే, తీరిక వేళల్లో కళాసేవ చేసిన..." అంటూ మొదలవుతుంది. పైకి మెచ్చుకోలులాగే ఉంటుంది. కాస్త ఆగి చూస్తే, ఆ వాక్యం మార్కులన్నీ ఇల్లాలికి వేసేసి, మిగిలిన చిల్లర చిత్రకారిణి చేతిలో పెడుతోందని తెలుస్తుంది. రెంబ్రాంట్‌ను గురించి "సంసారం చక్కదిద్దుకుంటూ" అని ఎవరైనా రాయగా చదివారా? నేను చదవలేదు. నిజానికి ఆయన సంసారం చక్కగా ఏమీ లేదు. 1656లో దివాలా తీసి, తర్వాత ఇల్లు కూడా పోగొట్టుకున్నాడు. ఆ సంగతి ఆయన గొప్పతనానికి ఏమీ అడ్డు రాలేదు.

సరే, ఆ గొడవ అలా ఉంచుదాం. అసలు ప్రశ్న వేరు. పిల్లలు, వంట, డబ్బు ఇబ్బందులు, జబ్బులు, వచ్చేపోయే చుట్టాలు, వీటన్నిటి మధ్య ఒక మనిషి ఏళ్ళ తరబడి బొమ్మలు వేస్తూ ఉండాలంటే ఉత్సాహం ఎక్కణ్ణించి వస్తుంది? అందులోనూ రూపచిత్రాలు, అదే, మనమంతా పోర్ట్రెయిట్లు అనేవి. వాటికి ఇంకో చిక్కు కూడా ఉంది. కొండను వేసేవాడికి కొండ ఎక్కడికీ పోదు. నవల రాసేదాన్ని కనక చెబుతున్నాను, సొరుగులో పెట్టిన నవల ఎన్నాళ్ళయినా నోరెత్తదు. పోర్ట్రెయిట్ అలా కాదు. ఎదుట మరో ప్రాణి కుర్చీలో కూర్చుని ఉండాలి. ఆ ప్రాణికి నడుం నొప్పి పుడుతుంది, ఆకలేస్తుంది, ఇంటికి పోవాలనిపిస్తుంది.

ఇది కష్టం అనుకుంటాం గాని, నన్నడిగితే మందు కూడా అదే. మూడు దేశాలకు చెందిన ముగ్గురు చిత్రకారిణులు తమను తాము వేసుకున్న బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడండి, నేనెందుకలా అంటున్నానో తెలుస్తుంది.

మొదటి ఆవిడ మేరీ బీల్. 1633లో పుట్టిన ఇంగ్లీషావిడ. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్న ఆమె స్వీయచిత్రం 1665 ప్రాంతం నాటిది. ఆవిడ మనవైపే చూస్తూ కూర్చుంది. చేతిలో చిన్న కాన్వాసు. దానిమీద ఆమె ఇద్దరు కొడుకుల ముఖాలు, ఇంకా పూర్తికాని బొమ్మ. వెనక గోడకి మేకున రంగుల పలక వేలాడుతోంది. మన వంటింటి గోడకి అట్లకాడ వేలాడదీసుకున్నంత మామూలుగా! నేను తల్లినా, చిత్రకారిణినా అన్న మీమాంస ఆ ముఖంలో ఎక్కడా కనపడదు. పిల్లలు పనికి అడ్డొచ్చారని కూడా అనలేం. వాళ్ళే పని అయి కూర్చున్నారు.

అప్పటికింకా ఆవిడ డబ్బు కోసం వేయడం లేదు. భర్త చార్ల్స్ ప్రభుత్వోద్యోగం ఆ రోజుల్లోనే పోయింది. 1670లో లండన్ తిరిగొచ్చాక సంసారం ఆవిడ కుంచె మీద నడిచింది. తల వరకూ అయితే 5 పౌన్లు, నడుం దాకా అయితే 10 పౌన్లు. ఆ భర్తగారు కాన్వాసులు సిద్ధం చేశాడు, రంగులు తయారు చేశాడు, ఎవరొచ్చారు, ఎంతిచ్చారు అని నోటుబుక్కులో రాసిపెట్టాడు. ఆ పుస్తకం వల్లనే 1677లో ఆవిడకి 83 బొమ్మలకు బేరం వచ్చిందనీ, 429 పౌన్లు సంపాదించిందనీ ఇవాళ మనకు తెలుస్తోంది. పెళ్ళాం సంపాదన లెక్క రాసుకునే భర్తలు అప్పుడూ ఇప్పుడూ ఉన్నారు. పెళ్ళానికి రంగులు నూరి ఇచ్చి ఆ లెక్క రాసుకున్నవాడు మాత్రం అరుదు.

నాకు నచ్చిన భాగం ఆ తర్వాతది. 1681 నాటికి బేరాలు తగ్గిపోయాయి. ఎవరూ రాకపోతే ఉత్సాహం చల్లారాలి కదా? ఆవిడ ఇంట్లోవాళ్ళనీ, స్నేహితులనీ కూర్చోబెట్టింది. ఖర్చు తగ్గించుకోడానికి పరుపుగుడ్డలూ, ఉల్లిపాయల సంచుల గుడ్డలూ కాన్వాసుగా వాడింది. అడిగేవాళ్ళు లేనప్పుడు చెయ్యి మెరుగుపరుచుకుంది. ఉల్లిపాయల సంచీ మీద మనిషి ముఖం! ఉత్సాహం అంటే గుండెల్లో ఉప్పొంగేదేదో అనుకునేవాళ్ళు ఆ సంచీని ఒకసారి తలుచుకోవాలి.

రెండో ఆవిడ ఫ్రాన్సు దేశపు ఎలిజబెత్ విజే లెబ్రన్. రాణి మేరీ ఆంత్వానెత్‌కి ఇష్టమైన చిత్రకారిణి. కూతురు పుట్టిన రోజున కూడా నొప్పికీ నొప్పికీ మధ్య బొమ్మ వేస్తూనే ఉన్నానని స్మృతుల్లో రాసుకుంది. విందుకని కొత్త తెల్ల సాటిన్ గౌను కట్టుకుని, వెళ్ళేముందు బొమ్మని ఒక్కసారి చూసుకుందామని కుర్చీలో కూర్చుందట. ఆ కుర్చీలో ఉన్నది ఆవిడ రంగుల పలకే! గౌను సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ దెబ్బతో పగటి విందులకు వెళ్ళడం మానేసి, పగలంతా పనికే పెట్టుకుంది. సంపాదించినదంతా భర్త చేతుల్లోకి పోయిందని కూడా రాసింది.

ఆవిడ 1786లో కూతుర్ని ఒళ్ళోకి తీసుకున్నట్టు వేసుకున్న బొమ్మ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మరుసటి ఏడు దాన్ని ప్రదర్శిస్తే, నవ్వులో పళ్ళు కనపడుతున్నాయని పెద్దమనుషులు ముక్కున వేలేసుకున్నారు. చాలా అందమైన బొమ్మ. అయినా నాకు దానిమీద ఫిర్యాదు ఉంది. అందులో కుంచె లేదు. ఆ చేతులు పాపని పట్టుకోవడం తప్ప మరో పని ఎరగనట్టున్నాయి. 1789 అక్టోబరులో విప్లవానికి భయపడి తొమ్మిదేళ్ళ కూతురితో దేశం దాటింది. మరుసటి ఏడు వేసుకున్న స్వీయచిత్రం ఫ్లారెన్సులోని ఉఫీజీ మ్యూజియంలో ఉంది. నల్లగౌను, ఎర్ర నడికట్టు, చేతిలో కుంచెలు, ఎదుట రాణి బొమ్మ. ఇందులో పాప లేదు. పాప ఆవిడతోనే దేశాలు తిరుగుతోంది, బొమ్మలోకి మాత్రం రాలేదు.

అంటే పాప ఉన్నచోట కుంచె లేదు, కుంచె ఉన్నచోట పాప లేదు. ఎందుకంటారు? చూసేవాళ్ళు రెండూ ఒకేసారి ఒప్పుకోరని ఆవిడకి తెలుసు. ఒక బొమ్మ మంచి తల్లినని రుజువు చేసుకోడానికి, ఇంకోటి మంచి చిత్రకారిణినని రుజువు చేసుకోడానికి. నూటపాతికేళ్ళ ముందే మేరీ బీల్ రెండిటినీ ఒకే ఫ్రేములో పెట్టేసిందన్న సంగతి తలుచుకుంటే, ఆవిడ సాహసం ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. అయినా విజే లెబ్రన్ ఆగలేదు. రోము, వియన్నా, పీటర్స్‌బర్గ్, ఎక్కడికి వెళ్తే అక్కడ ఎదుట ఒక కుర్చీ వేసింది, అందులో ఎవరో ఒకరు కూర్చున్నారు. ఆ కుర్చీయే పన్నెండేళ్ళు తల్లీకూతుళ్ళకు అన్నం పెట్టింది.

మూడో ఆవిడ అమెరికా దేశస్థురాలు ఆలిస్ నీల్, 1900లో పుట్టింది. ఈవిడ కథ చెప్పేటప్పుడు తియ్యటి మాటలు పనికిరావు. మొదటి బిడ్డ 1927లో ఏడాది నిండకుండానే డిఫ్తీరియాతో పోయింది. 1930లో భర్త రెండో కూతుర్ని తీసుకుని క్యూబా వెళ్ళిపోయాడు. ఆవిడ మనసు చెదిరి ఆస్పత్రి పాలైంది. 1934లో అప్పుడు కలిసి ఉంటున్న మనిషి కోపంతో వందల కొద్దీ బొమ్మల్ని తగలబెట్టి, కోసి పారేశాడు. తర్వాత న్యూయార్కులో స్పానిష్ హార్లెం అనే పేదల పేటలో కాపురం, ఇద్దరు మగపిల్లల పెంపకం. లోకమంతా మనుషుల ముఖాలు మానేసి ఉత్త రంగులూ గీతలూ వేస్తున్న కాలంలో ఈవిడ ఇరుగుపొరుగు వాళ్ళనీ, నిండు గర్భిణులనీ, బాలింతలనీ ఇంట్లోనే కుర్చీలో కూర్చోబెట్టి వేసింది. ఇల్లే స్టూడియో. న్యూయార్కు విట్నీ మ్యూజియం ఆవిడ బొమ్మలన్నీ కూర్చి పెద్ద ప్రదర్శన పెట్టింది 1974లో. డెబ్భై నాలుగేళ్ళ వయసులో!

ఎనభయ్యో ఏట, 1980లో, ఆవిడ పూర్తిచేసిన స్వీయచిత్రం చూస్తే మనవాళ్ళు కళ్ళు మూసుకుంటారేమో. చారల కుర్చీలో కూర్చుంది, ఒంటిమీద నూలుపోగు లేదు. జారిన పొట్ట, జారిన రొమ్ములు, తెల్లజుట్టు, కళ్ళజోడు. ఒక చేతిలో కుంచె, మరో చేతిలో తుడుచుకునే గుడ్డ. అది అంతకుముందు ఎందరినో కూర్చోబెట్టి వేసిన కుర్చీ. "మిమ్మల్నందర్నీ దాపరికం లేకుండా చూశాను కదా, నా వంతు వచ్చింది, చూడండి" అన్నట్టుంటుంది. పిల్లలు లేరు, మొగుడు లేడు. కాని ఆ పొట్ట వాళ్ళందర్నీ మోసిన సంగతి దాచలేదు. విజే లెబ్రన్ రెండు బొమ్మలుగా విడదీసినదాన్ని ఈవిడ ఒక్క ఒంటిమీద కలిపి చూపించింది.

ముగ్గురిలో ఎవరికీ తీరిక లేదు. ఎవరి బతుకూ చక్కబడ్డాక పని మొదలుకాలేదు. విజే లెబ్రన్ కూతురు తల్లికిష్టం లేని పెళ్ళి చేసుకున్నాక ఇద్దరి మధ్య పాత చనువు తిరిగి రాలేదు. నీల్ నుంచి వెళ్ళిపోయిన కూతురు ఆవిడ పెంపకంలోకి మళ్ళీ రాలేదు. కళ వల్ల ఆ గాయాలు మానాయని చెబితే అబద్ధమే అవుతుంది. కళ కోసం అవి తగలాలని చెబితే అన్యాయం అవుతుంది.

నేను చెప్పేది ఇంతే. మన పనికి అడ్డొచ్చేది సాధారణంగా మనుషులే. పోర్ట్రెయిట్ వేసే ఆవిడకి ముడిసరుకు కూడా మనుషులే. తలుపు తట్టినవాళ్ళని విసుక్కోకుండా "కాస్త అలా కూర్చోండి" అనడం నేర్చినవాళ్ళు ఈ ముగ్గురూ. ఉత్సాహం వచ్చాక కుర్చీ వెయ్యలేదు. కుర్చీ వేశాక, మనిషి కూర్చున్నాక, వెలుగు పోకముందే ముక్కు దగ్గరో కన్ను దగ్గరో మొదలుపెట్టక తప్పని స్థితిలో ఉత్సాహం దానంతట అదే వచ్చింది. రాని రోజున కూడా ముక్కు పూర్తయింది.

అందుకే ఈ ముగ్గురిని గురించి రాసేటప్పుడు "తీరిక వేళల్లో" అన్న మాట కొట్టెయ్యాలంటాను. మేరీ బీల్ రంగుల పలకని అటకమీద దాచలేదు. చెయ్యి చాపితే అందేటట్టు మేకుకి తగిలించుకుంది.