దరువు విరిచే చెయ్యి

హైతీ డోలు వాయిద్యంలో ‘కాసే’ అనే పని ఒకటి ఉంది. సాఫీగా సాగుతున్న దరువును పెద్ద డోలు వాయించేవాడు ఉన్నట్టుండి విరిచేస్తాడు. చిన్న డోళ్లూ ఇనుప గంటా తమ దారిన తాము పోతూనే ఉంటాయి. పెద్ద డోలు మాత్రం వాటికి అడ్డం తిరుగుతుంది. దెబ్బ పడాల్సిన చోట పడదు, ఎదురుచూడని చోట పడుతుంది. అప్పటిదాకా అలలా కదులుతున్న నర్తకుల ఒళ్లు ఒక్కసారి కుదుపు తింటాయి. హైతీ ప్రజల మతమైన వోడూ పూజలో పూనకం చాలాసార్లు ఆ కుదుపులోనే వస్తుంది. ఎప్పుడు విరవాలి, ఎంతసేపు విరవాలి, మళ్లీ ఎక్కడ కలపాలి అనే మూడూ తెలిస్తేనే పెద్ద డోలు చేతికిస్తారు. హైతీ డోలు వాద్యకారుడు ఫ్రిస్నర్ అగస్టిన్‌కు ఆ మూడూ తెలిసినవే. వేగంగా వాయించేవాళ్లు చాలామంది ఉంటారు. అతని గొప్పతనం చేతిలో కన్నా ముందు చెవిలో ఉంది.

1948లో పోర్టో ప్రిన్స్‌లో ఒక పేద ఇంట పుట్టాడు. చదువుకున్నది సంగీత పాఠశాలలో కాదు, పూజలు జరిగే వాకిళ్లలో. అతని బాల్యం నాటికి ఆ పూజలు చట్టం దృష్టిలో నేరం. 1935లో వచ్చిన నిషేధం 1987 దాకా పుస్తకాల్లో ఉంది. 1941–42లో క్యాథలిక్ చర్చి నడిపిన ఉద్యమంలో డోళ్లను పోగేసి తగలబెట్టారు. అదే దరువు జానపద నృత్యమన్న పేరుతో వేదిక ఎక్కితే మాత్రం అందరూ చప్పట్లు కొట్టేవారు. హైతీ వాద్యకారులు ఈ రెండు లోకాల మధ్య బతకడం నేర్చుకున్నారు. అగస్టిన్ రెండింటిలోనూ ఆరితేరాడు. అతని బహుముఖ ప్రజ్ఞకు పునాది అక్కడే పడింది.

అతని పనితనం అర్థం కావాలంటే రాడా అనే దేవతల వర్గానికి వాయించే మేళం పొందిక తెలియాలి. మూడు డోళ్లు, గట్టి కొయ్య తొలిచి చేసినవి. ఆవుతోలును కొయ్యమేకులతో బిగిస్తారు. అన్నిటికన్నా చిన్నదైన బులా రెండు సన్నని కర్రలతో మార్పు లేకుండా మోగుతుంది. నడిమిది సెగోన్, దాని నడక బులా నడకతో పోట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. పెద్దది మన్మన్. ఒక చెయ్యి, ఒక కర్ర దాని మీద పనిచేస్తాయి. వీటన్నిటి మీదా ఒగాన్ అనే ఇనుప గంట కాలాన్ని పట్టి ఉంచుతుంది. పన్నెండు మాత్రల ఆవర్తాన్ని ఒకరు మూడేసిగా వింటే నాలుగు దెబ్బలు, మరొకరు నాలుగేసిగా వింటే మూడు దెబ్బలు. రెండు లెక్కలూ ఒకేసారి నడుస్తుంటాయి. మన్మన్ వాయించేవాడు ఈ రెండింటి మధ్యా ఇటూ అటూ దాటుతూ మాట్లాడతాడు. ఎంత దూరం వెళ్లినా గంట ఎక్కడుందో మరచిపోకూడదు.

ఆ మాటల్లో రకరకాల గొంతులున్నాయి. తోలు నడుమ అరచేయి పడితే లోతైన నాదం, అంచున వేళ్లు పడితే చురుకైన టంకారం, కర్ర డోలు ఒంటికి తగిలితే పొడి చప్పుడు. వేలు తోలు మీద ఒరిపిడిగా జారితే మూలుగు లాంటి ధ్వని పుడుతుంది. ఇలాంటి నాలుగైదు శబ్దాలను పేర్చడంలోనే వాద్యకారుడి వ్యక్తిత్వం బయటపడుతుంది. అగస్టిన్ వాయిద్యంలో ముందు ఆకట్టుకునేది పొదుపు. ఖాళీని ఖాళీగా ఉంచడానికి అతను భయపడేవాడు కాదు. నింపకుండా వదిలిన ఆ జాగా వల్లే తర్వాత వచ్చే విరుపుకు అంత బలం.

దేవతలను బట్టి దరువు మారుతుంది. సర్పదేవత దాన్‌బలాకు యాన్వలు: నర్తకులు ముందుకు వంగి వెన్నును అలలా ఆడిస్తారు. దాని వెనకే వేగమైన మయి, భుజాలు కదిపే జెపోల్. ఇనుముకూ యుద్ధానికీ అధిపతి అయిన ఓగూకు నాగో. మృత్యుదేవతలు గేడేలకు నడుము తిప్పే చిలిపి బాండా. మరో దేవతల వర్గమైన పెట్వోకు వస్తే డోళ్లే మారిపోతాయి. మేకతోలు, తాళ్ల బిగింపు, కర్రల్లేకుండా వట్టి చేతులు, మంటలాంటి వేగం. ఇవికాక ఇబో, కోంగో, వీధి ఊరేగింపుల రారా. ఒక్కోదానికీ ఒక్కో విరుపు ఉంటుంది, ఒకదాని విరుపు మరోదానికి అతకదు. వీటన్నిటినీ కలగాపులగం చేయకుండా చేతిలో ఉంచుకున్నవాడిని ఆ సంప్రదాయంలో గురువుగా ఒప్పుకుంటారు.

డోలు వాయిస్తూ పాడటం మరో మెట్టు. వోడూ పాటలు చిన్నవి, సాధారణంగా కొద్ది పంక్తులే. ఒకరు ఎత్తుకుంటారు, బృందం అందుకుంటుంది. ఏ దేవతకు ఏ పాట, ఏది ముందు ఏది తర్వాత అన్న వరుస ఖచ్చితంగా ఉంటుంది. దారి తెరిచే లెగ్బాతోనే ఎప్పుడూ ఆరంభం. అగస్టిన్ డోలు దగ్గర నుంచే పాట ఎత్తుకోగలిగేవాడు. గొంతు ఒక లెక్కలోనూ చేతులు మరో లెక్కలోనూ నడవాలి కాబట్టి ఇది రెట్టింపు పని. పాట తెలియని డోలు నర్తకిని కదిలించగలదేమో గాని పూజను నడపలేదు.

1972లో అతను న్యూయార్క్ చేరాడు. పోర్టో ప్రిన్స్‌లో 1973లో ఏర్పడిన మకాండల్ బృందం 1981లో న్యూయార్క్‌కు వచ్చినప్పుడు దాని పగ్గాలు అందుకున్నాడు. 1758లో ఫ్రెంచి పాలకులు సజీవంగా కాల్చిన తిరుగుబాటు నాయకుడి పేరు అది. హైతీవారికి అమెరికాలో అవి చెడ్డ రోజులు. 1983లో అక్కడి ఆరోగ్య అధికారులు వాళ్లను ఎయిడ్స్ ముప్పు ఉన్న వర్గాల జాబితాలో చేర్చారు. వోడూ అంటే సినిమా జాంబీలే గుర్తొచ్చే జనం ముందు డోలు పెట్టుకుని కూర్చోవడానికి నేర్పు ఒక్కటే చాలదు, నిబ్బరం కూడా కావాలి.

రాత్రంతా సాగే పూజను వేదిక మీద గంటన్నరలోకి కుదించాలంటే ఏదో ఒకటి వదలక తప్పదు. దేవతల వరుసనూ దరువుల నడకనూ వదలకుండా ఉంచి, పొడవును మాత్రం తగ్గించడం ఆ బృందం ఎంచుకున్న దారి. వేదిక మీద వాయించిన అగస్టినే మరో రాత్రి బ్రూక్లిన్ ఇళ్లలో జరిగే పూజల్లోనూ వాయించేవాడు. అందుకే అతని ప్రదర్శన నకలుగా అనిపించదు. నిర్మాత కిప్ హన్రహాన్ 1980లలో చేసిన జాజ్ రికార్డుల్లోనూ అతని డోలు వినిపిస్తుంది. చుట్టూ ఉన్న వాద్యాలు మారాయి, డోలు వ్యాకరణం మారలేదు.

చెవితో నేర్చినదాన్ని కాగితం మీద చదివేవాళ్లకు అందించడం అతను చేసిన మరో కష్టమైన పని. హంటర్ కాలేజీలో ఏళ్ల తరబడి నేర్పాడు. సంగీత పరిశోధకురాలు లోయిస్ విల్కెన్ అతనితో కలిసి పనిచేసి 1992లో ‘ది డ్రమ్స్ ఆఫ్ వోడూ’ అనే పుస్తకం తెచ్చారు. 1999లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ జానపద, సంప్రదాయ కళాకారులకిచ్చే అత్యున్నత గౌరవం, నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్, అతన్ని వరించింది. 2012 ఫిబ్రవరిలో పోర్టో ప్రిన్స్‌లోనే కన్నుమూశాడు.

అతని తర్వాతి తరంలో అజోర్ ఇదే డోలునూ ఇవే పాటలనూ రాసీన్ మాపు బృందంతో పెద్ద జనసందోహాల మధ్యకు తీసుకెళ్లాడు. అగస్టిన్ దారి వేరు: జనం సంఖ్య కన్నా వినడంలో లోతు అతనికి ముఖ్యం. మకాండల్ రికార్డులు కొత్తగా వినేవాళ్లు మొదట పెద్ద డోలును వదిలేసి గంటను పట్టుకోండి. అది చెవికి అలవాటైతే బులా, తర్వాత సెగోన్ వాటంతటవే విడివిడిగా వినిపిస్తాయి. అప్పుడు మన్మన్ దగ్గరికి వెళ్తే ప్రతి విరుపూ ఎంత లెక్కగా, ఎంత తెగింపుతో వచ్చిందో తెలుస్తుంది.