సామాను మార్చేముందు దీపం పెట్టి చూడండి

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. ప్లగ్గు దగ్గర స్పార్క్ లేదు. అప్పుడు చాలాచోట్ల ముందు ప్లగ్గులు మారతాయి, తర్వాత కాయిల్, ఆపైన కండెన్సర్. ఎక్కడో ఒకచోట బండి స్టార్టవుతుంది. ఈలోగా బిల్లు తడిసి మోపెడవుతుంది, పాడైందేదో ఎవరికీ తెలియదు. బండి కదిలినంత మాత్రాన దోషం దొరికినట్టు కాదు. కరెంటు ఎందాకా వచ్చి ఆగిందో తేల్చాకే సామానుకు చేయి పెట్టాలి.

పాత పెట్రోల్ అంబాసిడర్‌నే తీసుకుందాం. 1912 కాడిలాక్‌కు సెల్ఫ్ సమకూర్చిన చార్లెస్ కెటరింగ్ తీర్చిదిద్దిన పద్ధతే దాని ఇగ్నిషన్‌ది. 12 వోల్టుల కరెంటు కాయిల్‌లోని లావు తీగ చుట్టలోంచి డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల మీదుగా ఎర్త్‌కు పోతుంది. పాయింట్లు విడివడగానే ఆ ప్రవాహం తెగి, సన్న తీగ చుట్టలో వేల వోల్టులు పుడతాయి. అంటే స్పార్క్‌కు మూలం కరెంటు పారడమే కాదు, సమయానికి తెగడం కూడా. అందుకే కాయిల్‌కు డిస్ట్రిబ్యూటర్ వైపున్న టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. దీపం మిణుకుమిణుకుమంటే పాయింట్లు పనిచేస్తున్నట్టే. ఇక వెతకాల్సింది కండెన్సర్‌లోనూ, కాయిల్ నుంచి ప్లగ్గు దాకానూ. ఆగకుండా వెలిగితే పాయింట్ల దగ్గర ఎర్త్ అందడం లేదు. అసలు వెలగకపోతే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వైరు విప్పి చూడాలి. అప్పుడు వెలిగిందా, షార్ట్ అటువైపే ఉంది: కండెన్సర్‌లోనో, పాయింట్ల దగ్గరో. అప్పటికీ వెలగకపోతే కాయిల్‌కు కరెంటు వస్తోందో లేదో చూడాలి.

చేయి తిరిగిన మెకానిక్‌కు ఇంత తతంగం దేనికని అడగవచ్చు. అనుభవం విలువైనదే, ముందు ఎక్కడ చూడాలో అది చెబుతుంది. అక్కడ ఉన్నదేమిటో దీపం చెబుతుంది. పైగా కొత్త కాయిల్ బిగించేటప్పుడు వదులైన టెర్మినల్ కూడా బిగుస్తుంది. బండి స్టార్టవుతుంది, నింద పాత కాయిల్ మీద పడుతుంది. ఇలాంటి అనుభవం తప్పునే పాఠంగా నేర్పుతుంది. ఇప్పటి బండ్లలో పాయింట్లే లేవు, స్కానర్ అంతా చెబుతుందనే వాదనా ఉంది. స్కానర్ క్రాంక్ సెన్సర్ కోడ్ చూపవచ్చు. సెన్సరే పోయిందో, దాని వైరు తెగిందో, కనెక్టర్‌కు చిలుము పట్టిందో కొలిస్తేనే తెలుస్తుంది. పనిముట్టు మారింది గాని, వరుసగా వెతకాల్సిన అవసరం మారలేదు. యజమాని చేతిలో పాత సామాను పెడుతూ ‘ఇది పాడైందని ఇలా తెలిసింది’ అని చెప్పగలిగిన రోజే ఆ పనికి తీసుకున్న డబ్బు న్యాయమైనది.