కాంటెస్సా కింద పడుకుని చూస్తే

తిరుమల కొండకు మోటారు బండ్ల దారి 1944లో పడింది. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చింది. ఇప్పుడు కొత్తది ఎక్కడానికి, పాతది దిగడానికి. ఎక్కేటప్పుడు కష్టమంతా ఇంజనుది. దిగేటప్పుడు లెక్క మారుతుంది. బ్రేకు మీద కాలు పెట్టినప్పుడల్లా బండి బరువు ముందుకు వస్తుంది, మలుపు తిరిగినప్పుడల్లా ఆ బరువులో ఎక్కువ భాగం బయటివైపు ముందు చక్రం మీద పడుతుంది. అంబాసిడర్ ట్యాక్సీలూ జీపులూ కొండ తిరిగిన రోజుల్లో ఇంజను కన్నా ముందే అరిగిపోయి షెడ్డుకు వచ్చేది ఈ ముందు భాగమే. తిరుపతి, చిత్తూరు మేస్త్రీల చేతికి ఆ పని అలా పట్టుబడింది. ఇప్పుడు ఆ ట్యాక్సీలు లేవు. ఆ చేతిపని కోసం వెతుక్కుంటూ వచ్చేది పాత కార్ల మీద మోజున్న వాళ్లు. వాళ్లు తెచ్చే బండ్లలో కాంటెస్సాది ప్రత్యేక కథ.

అమెరికా వాళ్లకు మజిల్ కారంటే 1964 నాటి పాంటియాక్ జీటీఓ, ఆ తర్వాత షెవెల్, కమారో. మనకు ఆ పేరు దక్కింది 1984లో హిందుస్థాన్ మోటార్స్ తెచ్చిన కాంటెస్సాకు. బ్రిటన్‌లో వాక్స్‌హాల్ వదిలేసిన మోడల్ అది. పొడవాటి బానెట్టు, వెడల్పాటి ముఖం చూసి మోసపోకూడదు: మొదటి బండ్లలో ఉన్నది అంబాసిడర్ ఇంజనే, 50 గుర్రాల బలం. తర్వాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజను వచ్చాకే దానికి కాస్త ఊపిరి వచ్చింది. అదే ఇసుజు 2016 నుంచి మన శ్రీసిటీలో బండ్లు తయారు చేస్తోంది. కాంటెస్సా మాత్రం 2002లోనే ఆగిపోయింది. స్పేర్లు దొరకడమే గగనం.

ఇక కిందికి దూరదాం. ఒక్కో ముందు చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుని ఉంటాయి. ఆర్మ్ లోపలి కొస ఛాసిస్ దగ్గర బుష్షుల మీద ఊగుతుంది, బయటి కొస బాల్ జాయింటుతో చక్రానికి అతుక్కుంటుంది. స్ప్రింగు మోసేది బరువును, షాకబ్జర్ ఆపేది ఊపును. బండి గుంతలో దడదడమంటే షాకబ్జర్లు మార్చేయమనడం అందరికీ అలవాటు. పాత బండ్లలో చాలాసార్లు అసలు దొంగ ఆ చిన్న రబ్బరు బుష్షే.

"అన్నా, బ్రేకు కొడితే బండి పక్కకు లాగతా ఉంది" అని వచ్చిన బండిని మంచి మేస్త్రీ వెంటనే విప్పడు. ముందు టైరు అంచుల మీద చెయ్యి తిప్పుతాడు. ఒక అంచే అరిగితే కోణం తప్పింది. అక్కడక్కడా గుంటలు పడితే షాకబ్జర్ పోయింది. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపుతాడు. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చునే ఈ రకం బండ్లను ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపితే, స్ప్రింగు తోపుకు కింది జాయింటు బిగుసుకుని ఉంటుంది, ఎంత అరిగినా కదలదు. జాకీ ఆర్మ్ కిందే పెట్టాలి. అప్పుడే అరుగుదల చేతికి తెలుస్తుంది.

విప్పడంలో భయపడాల్సింది స్ప్రింగుకే. నొక్కుకుని ఉన్న స్ప్రింగు జారితే ఎముక మిగలదు. ఛాసిస్‌కు రెండు వైపులా స్టాండ్లు పెట్టి, స్ప్రింగును గొలుసుతో కట్టి, ఆర్మ్ కింద జాకీ ఆనించి, జాయింటు విడిపించాక జాకీని కొద్దికొద్దిగా దించుతారు. ఇంజను దాని చోట ఉంటేనే ఈ పద్ధతి నడుస్తుంది. దాని బరువు లేకపోతే స్ప్రింగు నొక్కుకోదు, బండే లేస్తుంది. ఇక బాల్ జాయింటు విడిపించడం చూడముచ్చటైన పని. నట్టును పూర్తిగా తీయకుండా నాలుగు మరలు వదులు చేసి, జాయింటు కూర్చున్న ఇనప కన్నుకు ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, రెండో పక్క ఇంకో సుత్తితో ఒక్క దెబ్బ. కన్ను క్షణం పాటు సాగుతుంది, టక్కుమని జాయింటు వదులుతుంది. చీలిక గూటం దిగ్గొడితే పని అవుతుంది గానీ రబ్బరు టోపీ చిరుగుతుంది.

బుష్షంటే రెండు ఇనప గొట్టాల మధ్య అతికించిన రబ్బరు. అది జారదు, మెలి తిరుగుతుంది. పాతదాన్ని గ్యాసుతో కాల్చి తీసేవాళ్లున్నారు. ఆర్మ్ ఇనుముకు అది మంచిది కాదు. వైసులో గొట్టం ముక్క పెట్టి నొక్కి తీయడమే పద్ధతి. కొత్తది దొరక్కపోతే కొలతకు దగ్గరగా ఉన్న వేరే బండి బుష్షు తెచ్చి, లేత్ మీద బయటి గొట్టం కట్టించి దించుతారు. రబ్బరుకు గ్రీజు రాయరు, ఉబ్బిపోతుంది, సబ్బునీళ్లు చాలు. పాలీయూరిథేన్ బుష్షులు ఎక్కువకాలం మన్నుతాయంటారు, నిజమే. కానీ రోడ్డు మోతంతా స్టీరింగుకు తెస్తాయి, కిర్రుమంటాయి. రోజూ తిరిగే బండికి నా ఓటు రబ్బరుకే.

ఆ బుష్షు బోల్టును ఎప్పుడు బిగించాలన్నదే ఈ పనికంతటికీ కీలకం. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమకే కుదురుకుంటుంది. బండి దిగగానే మెలి పడుతుంది, ఇక జీవితాంతం ఆ మెలితోనే ఉంటుంది; కొన్ని నెలల్లో చిరుగుతుంది. వేళ్లతో బిగించి, బండిని నేల మీద దించి, ముందు బంపరు పట్టుకుని నాలుగైదుసార్లు అదిమి వదిలి, అప్పుడే పానా పట్టాలి. కొత్త బుష్షు ఏడాది తిరక్కుండా పోయిందంటే, సరుకు నాసిదని షాపువాణ్ని తిట్టే ముందు బోల్టు ఎప్పుడు బిగించారో అడగాలి.

లేత్ మీద నాకున్న గౌరవానికీ ఒక హద్దుంది. అరిగిన బాల్ జాయింటును కోసి, కొత్త గిన్నె వేసి వెల్డింగు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. బుష్షు పోతే బండి మోత చేస్తుంది. బాల్ జాయింటు ఊడితే చక్రం పడుకుంటుంది. కొలత కుదిరే కొత్తది దొరికేదాకా బండిని షెడ్డులోనే ఉంచాలి.

ఈ కొలతల తపన మన దగ్గరే పుట్టింది కాదు. 1965లో అమెరికాలో షెల్బీ జీటీ350 కారు కోసం మస్టాంగ్ పై ఆర్మ్ బోల్టు రంధ్రాలను సుమారు అంగుళం కిందికి మార్చారు. అంతే, మలుపులో బండి ఒరిగినా బయటి టైరు రోడ్డును మరింత సమంగా పట్టుకుంది.

చివరికి అలైన్‌మెంట్. కంప్యూటర్ మిషను ఉన్నా పాత మేస్త్రీలు ముందు దారం పట్టిస్తారు. వెనక టైర్ల పక్కగా బిగువుగా లాగిన దారం నుంచి ముందు రిమ్ముకు ముందంచు, వెనకంచు కొలిస్తే చక్రం ఎటు చూస్తోందో తెలుస్తుంది. తాపీ మేస్త్రీల తూకపు గుండు వేలాడదీస్తే ఒరుగుదల తెలుస్తుంది. మిషను ఇచ్చే అంకె ఇంకా కచ్చితం, కాదనను; కానీ బుష్షులో ఆట ఉండగా తీసిన అంకె షెడ్డు గేటు దాటేలోపే మారిపోతుంది.

కొత్త బుష్షులు, స్ప్రింగులు కొంత దిగుతాయి, కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ మళ్లీ చూసి, దారం మళ్లీ పట్టాలి. ఆ పరీక్షకు తిరుపతి వాళ్లు భాకరాపేట ఘాట్ వైపు వెళ్లొచ్చు, చిత్తూరు వాళ్లకు మొగిలి ఘాట్ ఉండనే ఉంది. రద్దీ లేని పొద్దున పూట, అద్దాలు దించి, రేడియో ఆపి దిగాలి.