సంతకం చేసి ఇచ్చిన శరీరం

బ్రిటన్‌లో అనాటమీ చెప్పే నేను తొలి క్లాసులో విద్యార్థుల చేతికి స్కాల్పెల్ ఇవ్వను. బల్లమీది మనిషి అక్కడికి ఎలా వచ్చారో ముందు చెబుతాను. అది తెలియకుండా చర్మంపై గాటు పెట్టకూడదని నా నమ్మకం.

ఆ చరిత్ర వినడం కష్టమే. 1752 నాటి చట్టం ఉరితీసిన హంతకుల శవాలను సర్జన్లకు అప్పగించింది. అవి చాలక సమాధులు తవ్వే దొంగలు పుట్టుకొచ్చారు. 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు 16 మందిని చంపి, శవాలను డాక్టర్ రాబర్ట్ నాక్స్‌ డిసెక్షన్ హాలుకు అమ్మారు. 1832లో వచ్చిన అనాటమీ చట్టం ఆ వ్యాపారాన్ని అణచింది గానీ, భారమంతా పేదలమీద వేసింది. పేదలను ఉంచే వర్క్‌హౌసుల్లో దిక్కులేక పోయినవాళ్ల శరీరాలు బల్లలకెక్కాయి. అదే ఏడాది జూన్‌లో కన్నుమూసిన తత్వవేత్త జెరెమీ బెంథామ్ మాత్రం తన శరీరాన్ని డిసెక్షన్‌కు ఇమ్మని తానే వీలునామా రాశాడు.

ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఇప్పుడున్నది 2004 నాటి హ్యూమన్ టిష్యూ చట్టం. దాని ప్రకారం మనిషి బతికుండగానే, సాక్షి సంతకంతో, రాసి ఇవ్వాలి. పోయాక కొడుకో కూతురో ఒప్పుకుంటే చెల్లదు.

అలా వచ్చిన శరీరంలోకి ధమని గుండా ఫార్మలిన్ కలిపిన ద్రావణం ఎక్కిస్తారు. కండ గట్టిపడి నెలల తరబడి నిలుస్తుంది. పుస్తకంలో ధమని ఎరుపు, సిర నీలం, నరం పసుపు. ఇక్కడ అన్నీ ఇంచుమించు ఒకే గోధుమ రంగు. అందుకే వేళ్లకు పని చెబుతాను. నరం వేళ్ల మధ్య గట్టి తాడులా దొర్లుతుంది, సిర నొక్కగానే అణిగిపోతుంది. పొరలను కోయనివ్వను. మూసిన కత్తెర మొన దూర్చి, మెల్లగా తెరిచి విడదీయమంటాను. డండీ యూనివర్సిటీ వాడే థీల్ పద్ధతిలో శరీరం మెత్తగానే ఉంటుంది, కీళ్లు వంగుతాయి. సర్జన్లు దానిమీద ఆపరేషన్లు సాధన చేస్తారు.

ఏ ఇద్దరి శరీరాలూ ఒకలా ఉండవు. ముంజేతిలో పాల్మారిస్ లాంగస్ కండరం కొందరికి అసలే ఉండదు. ఒకరికి తుంటి కీలు మార్చి ఉంటారు, ఇంకొకరి గుండెకు బైపాస్ జరిగి ఉంటుంది. రేపు వార్డులో ఎదురయ్యేది ఇలాంటి మనుషులే.

ఇండియాలో మెడిసిన్ చదివినప్పుడు నేను అనాథ శవాల దగ్గర నేర్చుకున్నాను. వాళ్లను ఎవరూ అడగలేదు. ఆ అప్పు నాకు గుర్తుంది. 2024 సెప్టెంబరులో సీపీఎం నేత సీతారాం ఏచూరి భౌతికకాయాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించినప్పుడు ఎంతో గౌరవం కలిగింది.

బ్రిటన్‌లో మెడిసిన్ చదివే మన పిల్లలు ఎవరో ఇచ్చిన శరీరాల దగ్గరే నేర్చుకుంటున్నారు. మనమూ ఇవ్వగలం. చదువు ముగిశాక సాధారణంగా కాలేజీయే దహనం చేయిస్తుంది. కోరితే అస్థికలు ఇస్తారు, కానీ ఏళ్లు ఆగాల్సి రావచ్చు. పోస్ట్‌మార్టం జరిగితే తీసుకోకపోవచ్చు కూడా. ఇవన్నీ ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఇవ్వాలనిపిస్తే దగ్గర్లోని మెడికల్ స్కూల్ నుంచి ఫారం తెప్పించుకుని మీరే సంతకం చేయండి. ఒకప్పుడు పేదలకు దక్కని హక్కు అది.