పట్టుగూటి నుంచి మందుగూటికి

పట్టుగూటిలో ప్రధానంగా రెండు ప్రొటీన్లుంటాయి. పోగుకు బలమిచ్చేది ఫైబ్రాయిన్, ఆ పోగును గూడుగా అతికించే జిగురు సెరిసిన్. బరువులో ఫైబ్రాయిన్ సుమారు 70 నుంచి 75 శాతం. కోలారు జిల్లా రీలర్లకు ఈ పేర్లతో పనిలేదు. గూళ్లను మరిగే నీళ్లలో వేస్తే జిగురు మెత్తబడి పోగు కొస దొరుకుతుందని వాళ్లకు తెలుసు. తర్వాత ముడిపట్టును సబ్బు, సోడాతో ఉడికిస్తే మిగిలిన జిగురూ పోతుంది. పోగు మాత్రం నిలుస్తుంది. దాని అణుగొలుసులు పలకల్లా పేర్చుకుని, మధ్యకు నీటిని చొరనివ్వవు.

ఏ వేడికి ఏది నిలవాలి, ఏది వదలాలి అన్న ఈ లెక్కే నానో మందుల తయారీలోనూ ఉంది. క్యాన్సర్ మందు ఒళ్లంతా పాకి మంచి కణాలనూ దెబ్బతీస్తుంది. అందుకే దాన్ని వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు ఉండే పాలిమర్ గూటిలో పెడతారు. ఆ గూడు రక్తంలో చెదరకూడదు, కణితి దగ్గర తెరుచుకోవాలి, పని ముగిశాక ఒంట్లో మిగలకూడదు.

వేడికి స్పందించే పాలిమర్లలో ఎక్కువగా పరిశోధించినది పాలీ ఎన్-ఐసోప్రొపైల్ ఎక్రిలమైడ్. చక్కెర వేడి నీళ్లలో త్వరగా కరుగుతుంది. దీని తీరు అందుకు తలకిందులు. చల్లని నీటిలో కరిగి ఉండి, సుమారు 32 డిగ్రీలు దాటగానే నీటిని విదిల్చుకుని ముడుచుకుంటుంది. నీటిని ఇష్టపడే అణువులు కలిపి ఆ హద్దును 40 డిగ్రీల పైకి జరపవచ్చు. అప్పుడు బయటి నుంచి వేడిచేసిన చోటే మందు విడుదలవుతుంది. చిక్కేమిటంటే, దీని కర్బన వెన్నెముక శరీరంలో కరగదు. లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలతో అల్లిన పాలిమర్లకు ఆ బెడద లేదు. నీటి చర్యతో మళ్లీ ఆ ఆమ్లాలుగానే విడిపోతాయి. వాటిని పాలీఇథిలీన్ గ్లైకాల్‌తో జతచేస్తే, చల్లగా ఉన్నప్పుడు ద్రవంగా, ఒంటి వేడికి జెల్‌గా మారే రకాలు వస్తాయి.

ఒంట్లో విడిపోయే విషయంలో పట్టూ ఈ కోవలోదే. గాయాలు కుట్టే దారంగా వైద్యులకు పాత నేస్తం. ఎంజైముల చేతిలో మెల్లగా ఎమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. జిగురు తీసిన పట్టును లిథియం బ్రోమైడ్ ద్రావణంలో కరిగించి, ఉప్పు తొలగించి, ఎసిటోన్‌లో కలిపితే నానోకణాలు ఏర్పడతాయి. పలకల పాళ్లు పెంచితే అవి మరింత నెమ్మదిగా కరుగుతాయి. అయితే ఫైబ్రాయిన్‌కు వేడి మీట లేదు. అందుకే పట్టు ప్రొటీన్‌లోని ఎమైనో ఆమ్ల వరుసలకు, వేడికి ముడుచుకునే ఎలాస్టిన్ అనే ప్రొటీన్ వరుసలను జోడించిన ప్రొటీన్లను బ్యాక్టీరియా చేత తయారు చేయిస్తున్నారు.

ఆ కోలారు జిల్లాలో పట్టుతో పాటు బంగారమూ ఉండేది; అక్కడి కోలారు గోల్డ్ ఫీల్డ్స్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నానో మందుల తయారీలో మాత్రం బంగారానికి వేరే పని ఉంది: దాని నానోకడ్డీలు పరారుణ కాంతిని పీల్చి చుట్టూ ఉన్న పాలిమర్‌ను వేడెక్కిస్తాయి. కానీ బంగారం కరిగేది కాదు; పెద్ద కణాలు కాలేయంలో, ప్లీహంలో పేరుకుంటాయి.

చివరికి అసలు నేర్పు హద్దు కుదర్చడంలోనే ఉంది. గూడు తక్కువ ఉడికితే కొస దొరకదు, ఎక్కువ ఉడికితే పోగు తెగుతుంది. మందుగూటి హద్దు 38 డిగ్రీల దగ్గరుంటే మామూలు జ్వరానికే తెరుచుకుంటుంది. 45 దాటితే కణితితో పాటు మంచి కణజాలమూ కాలుతుంది.