రక్తం కదిపే రెక్కలు

గుండె కవాటాన్ని తెరిచే కండరం దాని రెక్కల్లో లేదు. రక్తం ముందుకు తోస్తే అవి తెరుచుకుంటాయి, వెనక్కి మళ్లబోతే మూసుకుంటాయి. అయితే ఆ రక్తం ఎటు, ఎంత జోరుగా పోవాలో తేల్చేదీ ఆ రెక్కలే. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుండే ఈ లెక్కను కంప్యూటర్ చేత చేయించే విద్యను ఫ్లూయిడ్-స్ట్రక్చర్ ఇంటరాక్షన్ అంటారు. విమానం రెక్క, వేలాడే వంతెన, తెరచాప, రక్తనాళం... ప్రవాహమూ అందులో వంగే వస్తువూ ఒకదాన్నొకటి కదిపే చోటల్లా ఇదే చిక్కు.

ఈ రెండింటినీ లెక్కగట్టే పద్ధతులు విడివిడిగా పెరిగాయి. ఘనపదార్థాల వాళ్లు వస్తువులోని ప్రతి బిందువునూ పట్టుకుని, అది ఎటు పోతే అటు వెంట వెళ్తారు. వాళ్ల ప్రధాన సాధనం, వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివి అమెరికాలో ఆచార్యులైన జె.ఎన్. రెడ్డి గారు దాని మీద రాసిన పాఠ్యపుస్తకం ప్రపంచమంతా చదువుతారు. ప్రవాహాల వాళ్లు మాత్రం స్థలాన్ని గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడి గుండా ఎంత పారిందో ఉన్నచోటే ఉండి చూస్తారు.

రెండింటినీ కలపడానికి ఒక దారి, గళ్లనే కదిలించడం. వస్తువు వంగితే చుట్టూ ఉన్న గళ్ల వల (మెష్) కూడా దానితో సాగుతుంది. 1974లో లాస్ అలమోస్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు హర్ట్, ఆమ్స్‌డెన్, కుక్ ప్రకటించిన ఏఎల్ఈ (ఆర్బిట్రరీ లాగ్రాంజియన్-యూలేరియన్) పద్ధతి ఈ కోవలోదే. సరిహద్దు స్పష్టంగా నిలుస్తుంది కాబట్టి విమానం రెక్కకు చక్కగా పనికొస్తుంది. కవాటం మూసుకునేటప్పుడు మాత్రం రెక్కలు ఒకదానికొకటి ఆనుకుంటాయి. మధ్యలో పడ్డ గళ్లు నలిగి లెక్క ఆగిపోతుంది.

అంతకు రెండేళ్ల ముందే, 1972లో, న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో డాక్టరేట్ చేస్తూ చార్ల్స్ పెస్కిన్ మరో దారి వేశారు. గళ్లను అసలు కదపొద్దన్నారు. కవాటపు రెక్కను గోడగా చూడడం మానేసి, ద్రవం మీద పనిచేసే బలంగా చూశారు. రెక్కను బిందువుల వరసగా తీసుకోవాలి. అది సాగినప్పుడు ప్రతి బిందువు దగ్గరా ఎంత బలం పుడుతుందో కట్టాలి. ఆ బలాన్ని చుట్టుపక్కల గళ్ల మూలలకు పంచాలి. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో, రెండు కొలతల లెక్కలో ఒక్కో బిందువు బలం 16 మూలలకు చేరుతుంది. దగ్గరి మూలకు ఎక్కువ వాటా, దూరపుదానికి తక్కువ. వాటాలన్నీ కలిపితే సరిగ్గా ఒకటి కావాలి. ఆ బలాలతో, ద్రవ ప్రవాహాన్ని వర్ణించే నేవియర్-స్టోక్స్ సమీకరణాలను సాధిస్తే ద్రవం వేగం తెలుస్తుంది. అవే 16 మూలల నుంచి, అవే వాటాలతో వేగాన్ని కూడగట్టి బిందువును జరుపుతారు. పంచిన వాటాలతోనే తిరిగి కూడగట్టడం వల్ల రెక్క ఇచ్చిన శక్తీ ద్రవం పుచ్చుకున్న శక్తీ సమానమవుతాయి. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఈ లావాదేవీయే.

లోపాలూ ఉన్నాయి. సరిహద్దు కొన్ని గళ్ల మేర అలుక్కుపోతుంది. వస్తువు బిగువుగా ఉంటే టైమ్ స్టెప్, అంటే లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే కాలం, మరీ చిన్నదిగా తీసుకోవాల్సి వస్తుంది. అయినా పెస్కిన్, డేవిడ్ మెక్వీన్ కలిసి దీనితో కృత్రిమ మైట్రల్ కవాటాల నమూనాలను పరీక్షించారు. రెక్క ఎంత వంపు తిరగాలి, ఇరుసు ఎక్కడ ఉండాలి అన్నవి కంప్యూటర్‌లోనే మార్చి చూశారు.

పరిశ్రమలో ఎక్కువగా కనిపించేది ఇంకో దారి. ప్రవాహానికొక సాఫ్ట్‌వేర్, ఘనపదార్థానికొకటి. మొదటిది పీడనం అందిస్తే రెండోది కదలిక తిరిగిస్తుంది. గాలిలో విమానం రెక్కకు ఒక్కో టైమ్ స్టెప్‌కు ఒక్క మార్పిడి తరచూ సరిపోతుంది. రక్తనాళం దగ్గర ఇదే పని బెడిసికొడుతుంది. నాళం గోడ, రక్తం సాంద్రతలు దాదాపు సమానం. గోడ కదలాలంటే పక్కనున్న రక్తాన్నీ మోయాలి. ఆ అదనపు బరువు కబురు గోడ లెక్కకు ఒక అడుగు ఆలస్యంగా అందుతుంది, దాంతో తప్పు ప్రతి అడుగుకూ పెరుగుతుంది. మామూలుగా ఎవరైనా టైమ్ స్టెప్ తగ్గిస్తారు. ఇక్కడ అది పనిచేయదని 2005లో కౌజిన్, జెర్బో, నోబిలె ఒక సరళమైన నాళం నమూనా మీద గణితంతో నిరూపించారు. కాబట్టి ప్రతి అడుగులోనూ రెండు లెక్కలూ ఒప్పుకునేదాకా మార్పిడి జరపాలి, కొత్త కదలికలో కొంత భాగాన్నే తీసుకుంటూ నెమ్మదిగా దగ్గరవ్వాలి. లేదా రెండింటినీ ఒకే సమీకరణాల గుంపుగా కట్టి ఒకేసారి సాధించాలి.

ఇంత శ్రమ పడ్డాకా వచ్చిన బొమ్మ నిజమేనా అన్న ప్రశ్న మిగులుతుంది. 2006లో టూరెక్, హ్రోన్ అందుకొక పరీక్ష పెట్టారు. కాలువలో ఒక స్తంభం, దాని వెనక సాగే తోక. తోక కొన ఎంత ఊగుతుందో, ఎంత త్వరగా ఊగుతుందో అంకెలతో సహా ఇచ్చారు. కొత్తగా ప్రోగ్రామ్ రాసినవాళ్లు ఆ అంకెలతో పోల్చి చూపాలి. ఈ రంగానికి జరిగిన గొప్ప మేళ్లలో ఇదొకటని నా అభిప్రాయం.

మన దగ్గర సాఫ్ట్‌వేర్ తెరిచి రంగుల బొమ్మ తీయడంతోనే ముగిసే ప్రాజెక్టులు ఎక్కువ. ఎం.టెక్ చదువుతున్న పిల్లలకు నా విన్నపం: పెస్కిన్ పద్ధతిని రెండు కొలతల్లో మీరే రాయండి. సాగే ఉంగరాన్ని దీర్ఘవృత్తంగా లాగి ద్రవంలో వదలండి. అది ఊగి ఊగి వృత్తంగా నిలవాలి, లోపలి వైశాల్యం మారకూడదు. మారితే ఎంత కారిందో కొలవండి. గడి వెడల్పు సగం చేసి, మళ్లీ కొలవండి.